సంచికి నాలుగు కాళ్ళు

ఆ నాటకకర్త పేరు చెప్పను. చెబితే నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు ఎవరో ఒకరు ఫోను చేసి క్లాసు పీకుతారు. నాకు ఫోన్లు రావడమే తక్కువ, ఆ వచ్చేవి కూడా తిట్లయితే ఎట్లా? తెలుగులో అసంబద్ధ నాటకాలు రాసిన కొద్దిమందిలో ఒకాయన, ఎప్పుడో పోయారు, బతికుండగా ఐదు నాటకాలు కలిపి ఒక్కటే పుస్తకం వేశారు. ఇంతవరకు చాలు. అసంబద్ధ నాటకమంటే ఏమిటని అడిగేవాళ్ళకు నేను ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి. అందులో మనుషులు తలా తోకా లేని పనులు చాలా శ్రద్ధగా చేస్తుంటారు, మనం చూసి నవ్వుతాం, ఇంటికి పోయి మనమూ అదే పని చేస్తాం.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. జనగామలో పద్నాలుగేళ్ళు చేశాను, ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని జనం అడిగే వయసు దాటిపోయింది. ఇప్పుడు వంట ఎవరు చేస్తారని మాత్రం అడుగుతారు.

మా దగ్గర పుస్తకం చదివినవాళ్ళకు ఒక అలవాటుంది. చివరి తెల్లకాగితం మీద పెన్సిలుతో తీర్పు రాసిపోతారు. ‘బాగుంది.’ ‘టైం వేస్ట్.’ ‘పైన రాసినాయన మాట నమ్మకండి, చదవండి.’ చివర్లో ఎవరు చచ్చిపోతారో మొదటి పేజీలోనే రాసిపెట్టే పుణ్యాత్ములు కూడా ఉంటారు. రూలు ప్రకారం నేను ఆ రాతలు చెరపాలి, రాసినవాళ్ళను మందలించాలి. చెరపలేదు సరికదా, ఈ నాటకాల పుస్తకానికి వెనుక రెండు తెల్లకాగితాలు అదనంగా అంటించాను. ఐదింటిలో మీకు నచ్చింది ఏది, ఎందుకు, అని పైన రాసిపెట్టాను. సాయంత్రం పేపర్లు చదివేవాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు వెళ్ళిపోయాక ఆ కాగితాలు తీసి చదువుకోవడం నాకు కొత్త సినిమా చూసినంత సంబరం.

నాటకాల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ‘లైన్ల నిలవడేది ఉంటది సూడు సార్, గది ఇయ్యి’ అనేవారు. లైను నాటకంలో మూసిన కిటికీ ముందు పదిమంది వరసలో నిలబడి ఉంటారు. దేనికి నిలబడ్డారో ఒక్కరికీ తెలియదు. కాళ్ళు నొప్పి పుట్టి ఒక్కొక్కరే తమ జాగాలో చెప్పులు వదిలి నీడకు పోతారు. చివరికి వేదిక మీద చెప్పుల వరస ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కిటికీ తెరుచుకుంటుంది, లోపలి మనిషి చెప్పులను ఒక జత తర్వాత ఒక జత పిలుస్తాడు, అవి పలకకపోతే విసుక్కుంటాడు. దాని కింద ఒక రైతు ఇట్లా రాశాడు: ‘ఇందులో నవ్వడానికి ఏముంది? మొన్న యూరియాకు నా చెప్పులే మూడో నంబరు.’ జనగామ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఎక్కువగా అదే ఇష్టం. నర్మెట్ట నుంచి వచ్చే ఒక పాఠకుడైతే, ఈ రాసినాయన ఎప్పుడో ఎరువుల దుకాణం ముందు నిలబడే ఉంటాడని నాతో పందెం కాశాడు.

మంచం నాటకంలో, తల్లి ఊరికి పోయిన రోజు చూసి అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకుంటారు. తల్లి మంచాన్ని రంపంతో నడిమికి కోసి చెరి సగం తీసుకుంటారు. రెండు కాళ్ళ మంచం నిలబడదు కదా, ఇద్దరూ చెరొక గోడకు ఆనించుకొని, దానికి ఒరిగి నిలబడే నిద్రపోతారు. సంచి నాటకంలో, బస్టాండులో ఒకామె ‘జర చూస్తుండు, ఇప్పుడే వస్తా’ అని ముక్కూ మొహం తెలియనివాడికి సంచి అప్పగించి పోతుంది. అతను కాపలా కూర్చుంటాడు. బస్సులు పోతుంటాయి, వానాకాలాలు పోతుంటాయి, అతని జుట్టు తెల్లబడుతుంది. సంచిని మాత్రం ఎవరినీ ముట్టనివ్వడు. నా ఓటు దీనికే. మిగతా రెండు నాటకాలు ఎవరికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. వాటి సంగతి వదిలేద్దాం.

నాకు ఒక స్నేహితుడు ఉండేవాడు. మహబూబాబాద్‌లో తెలుగు టీచరు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, అన్నా అని పిలిచేవాడు. వాళ్ళ ఊరి గ్రంథాలయంలోనూ ఇదే పుస్తకం ఉంటే, అక్కడివాళ్ళను ఒప్పించి అతనూ దాని వెనుక కాగితాలు అంటించాడు. ఆదివారం వస్తే అతను జనగామ రైలెక్కేవాడు, లేకపోతే నేను మహబూబాబాద్ రైలెక్కేవాణ్ణి. మీవాళ్ళు ఏం రాశారు, మావాళ్ళు ఏం రాశారు, పొద్దుగూకేదాకా అదే ముచ్చట. అతని దగ్గర మంచం నాటకానిదే పైచేయి. తండా నుంచి వచ్చి డిగ్రీ చదువుకునే అమ్మాయి ఒకతె, ‘మా బాపు, మా పెద్దబాపు బావిని కూడా ఇట్లాగే పంచుకున్నారు, నీళ్ళు మాత్రం మాట వినలేదు’ అని రాసిందట. ఆ వాక్యం చదివి ఇద్దరం రైలు తప్పిపోయేదాకా నవ్వుకున్నాం. నాటకాల ముగింపుల గురించి మాత్రం మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇద్దరం చదివినవాళ్ళమే, ఎవరికి ఎవరు చెప్పాలి?

వాళ్ళింట్లో నాకు అసలు చుట్టం వాళ్ళ అవ్వ, అంటే వాళ్ళమ్మ. ఆమెకు చదువు రాదు. కొడుకు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆ నాటకాలు చదివి వినిపించేవాడు. ఆమె ఓటు కూడా సంచి నాటకానికే. ‘గా పిలగాడు మంచోడు బిడ్డా, చూస్తనని అన్నడు, చూసిండు’ అనేది నాతో. నేను పోయినప్పుడల్లా జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, తినేదాకా ఎదురుగా పీట వేసుకొని కూర్చునేది. ఇంకో రొట్టె వద్దంటే, ‘గా జనగామల నీకెవరు పెడుతరు’ అని కోప్పడేది. మా అమ్మ పోయాక, నేను తింటుంటే చూస్తూ కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

పదకొండేళ్ళ కిందట మా గ్రంథాలయంలో ఒక చిన్న సభ పెట్టాం. పాఠకులు మెచ్చిన నాటకాల గురించి నేను మాట్లాడాలి. ముప్పై కుర్చీలు వేస్తే ఇరవైకి పైగా నిండాయి, మా లెక్కన అది జాతర. లైను నాటకం అయింది, మంచం నాటకం అయింది, సంచి నాటకం ముగింపు దగ్గరికి వచ్చి నేను గొంతు సవరించుకున్నాను. చివరికి ఆమె తిరిగి వస్తుంది. అతను ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తాడు. ఆమె వంగి చూసి, ‘ఇది నాది కాదు. నా దానికి నాలుగు కాళ్ళు’ అని వెళ్ళిపోతుంది. తెలుగు నాటకంలో ఇంతకంటే గొప్ప ముగింపు లేదని ప్రకటించి, ఆ నాలుగు కాళ్ళ మీద పావుగంట మాట్లాడాను. అవి నాలుగు దిక్కులన్నాను, పాడె మోసే నలుగురన్నాను. పాడి ఆవు అని కూడా అన్నట్టు గుర్తు.

మూడో వరసలోంచి నా స్నేహితుడు లేచాడు.

‘అన్నా, గిదెక్కడిది? గామె రానే రాదు గద. గాయినె సంచి ఇప్పి సూస్తడు, లోపట ఏముండది, మడిచి సంకల పెట్టుకొని బస్సెక్కుతడు. సంచికి నాలుగు కాళ్ళేంది అన్నా?’

నవ్వుతూనే అన్నాడు. సభంతా నవ్వింది. నర్మెట్ట ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. పుస్తకం ఎవరో ఇంటికి తీసుకుపోయి ఉన్నారు, చూపిద్దామంటే బల్ల మీద లేదు.

‘బస్సెక్కేది మంచం నాటకంల తమ్ముడు. నువ్వు రెండు నాటకాలు కలిపి కలగాపులగం చేసినవ్’ అన్నాను మైకులోనే.

‘కలిపింది నువ్వే అన్నా. నేను మా అవ్వకు రెండుసార్లు సదివి ఇనిపించిన.’

‘అయితే ఏమీ తెలియని ముసల్దానికి రెండుసార్లు అవద్దం చెప్పినవ్’ అన్నాను.

అతని మొహంలో నవ్వు పోయింది. నెమ్మదిగా కూర్చున్నాడు, సభ అయ్యాక టీ తాగకుండా రైలుకు పోయాడు. నేను ఆపలేదు.

నాలుగు రోజులకు పుస్తకం తిరిగి వచ్చింది. ఆత్రంగా తెరిచి చూశాను. నేను చెప్పిందే ఉంది, అక్షరం పొల్లు పోలేదు. ఆ పేజీ ఫోటో తీసి పంపితే అయిపోయేది. నేనెందుకు పంపాలి? తప్పు అతనిది, అతనే వచ్చి చూసుకోవాలి. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడట ఎవడో, నా కుందేలుకు నాలుగు. ఆదివారాలు రైలు వచ్చే వేళకు ఆ పుస్తకం బల్ల మీద పెట్టుకొని, తలుపు తీసి కూర్చునేవాణ్ణి. అతను రాలేదు.

రెండు నెలలు గడిచాయి. స్టేషను దగ్గర టీ కొట్టులో తెలిసిన మాస్టారు ఒకాయన కనిపించాడు. ‘మీ దోస్తు వాళ్ళ అవ్వ సచ్చిపోయిందట గద సార్ నిన్న. ఇంక పోలేదా?’ అన్నాడు.

మా దగ్గర పద్ధతి ఒకటుంది. పెళ్ళికి పిలిస్తే పోవాలి, చావుకు వినగానే పోవాలి. చావుకు ఎవరూ కార్డు వెయ్యరు, ఫలానావాడికి చెప్పలేదే అని ఎవరూ గుర్తు చేసుకోరు. విన్నవాడు చేతిలో పని ఎక్కడిదక్కడే వదిలి బయల్దేరాలి, పగవాడైనా సరే. ఇది నాకు తెలియక కాదు. టీ గ్లాసు పట్టుకొని నిలబడితే బుర్రలో ఒకటే తిరిగింది. నాకు ఎందుకు ఫోను చెయ్యలేదు? ఎవరెవరికో తెలిసింది, నాకు చెప్పాలనిపించలేదా? ఆ పూట మహబూబాబాద్ వైపు పోయే రైలు నా కళ్ళ ముందే వచ్చి పోయింది. దినాల దాకా ఫోను పక్కన పెట్టుకొని కూర్చున్నాను. ఒక్కమాట వస్తే చాలు, పరుగెత్తేవాణ్ణి. దినాలు కూడా అయిపోయాయి. ఇంకేం మొహం పెట్టుకొని పోతానని ఆగిపోయాను.

మరుసటి ఏడు భూపాలపల్లికి బదిలీ అయింది. ఒక గది, వంటకు ఒక మూల, ఒక సైకిలు. బొగ్గుబావుల్లో పనిచేసేవాళ్ళు షిఫ్టు దిగి స్నానం చేసి, తడి తలతో పేపరు చదవడానికి వస్తారు. ఎవరితోనైనా నాలుగు మాటలు కలిసేసరికి వాళ్ళ షిఫ్టు మారిపోతుంది. ఇక్కడ ఆ పుస్తకం లేదు. మాట్లాడే మనిషి దొరికితే నేనే నోటితో నాటకాలు చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక కార్మికుడు సంచి నాటకం అంతా ఓపిగ్గా విని, ‘గన్నేండ్లు ఎందుకు కూసున్నడు సార్? లేసి గామెను దేవులాడుకుంట పోవాలె గద’ అన్నాడు. ఆమె వస్తానని చెప్పింది కదా అన్నాను. ‘గామె చెప్తె చెప్పింది. ఈనెకు కాళ్ళు లెవ్వా?’ అన్నాడు. నేను పేపర్లు సర్దుకున్నాను.

ఆదివారాలు గడవడం కష్టంగా ఉండేది. ఊరికే కాళేశ్వరం బస్సెక్కి, గోదావరి చూసి, అదే బస్సులో తిరిగి వచ్చేవాణ్ణి. కండక్టరు నాకు అలవాటై ‘దర్శనం మంచిగైందా సార్’ అని అడిగేవాడు. అయిందనేవాణ్ణి. గుడి లోపలికి పోయిందే లేదు. ఒంటరితనం గురించి పెద్ద మాటలు నాకు చేతకావు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పేవాళ్ళు లేకపోతే కొన్నాళ్ళకు మన నాలుకకూ తెలియకుండా పోతుంది, అంతవరకు చెప్పగలను. ఫోనులో అతని నంబరు దాకా పోయి ఆగిన రోజులు చాలా ఉన్నాయి. పుస్తకంలో ఉన్నదే కదా నేను చెప్పింది, అనే మాట అడ్డం వచ్చేది.

ఈ ఏడు ఎండాకాలంలో, మహదేవపూర్‌లో ఒక పెద్దాయన పోతే ఆయన ఇంటివాళ్ళు మూడు గోనెసంచుల పుస్తకాలు మా గ్రంథాలయానికి ఇచ్చారు. రెండో సంచిలో ఆ నాటకాల పుస్తకం దొరికింది. అచ్చయిన నాటి అట్టతోనే ఉంది, ఎవరూ బైండింగు చెయ్యలేదు. నిలబడే సంచి నాటకం చివరికి తిప్పాను. ఆమె రాలేదు. అతను సంచి విప్పాడు, లోపల ఏమీ లేదు, మడిచి చంకలో పెట్టుకొని బస్సెక్కాడు. గబగబా మంచం నాటకం చివరికి తిప్పాను. ఊరి నుంచి తల్లి తిరిగి వస్తుంది. కొడుకు ఉలిక్కిపడి కళ్ళు తెరుస్తాడు. ఆమె వంగి ఆ సగం మంచాన్ని చూసి, ‘ఇది నాది కాదు. నా దానికి నాలుగు కాళ్ళు’ అంటుంది.

అక్కడే గోనెసంచుల మధ్య కూర్చుండిపోయాను. జనగామ పుస్తకానికి అట్ట ఊడిపోతే బైండింగు చేయించింది నేనే. వరండాలో మైదా జిగురు కలుపుకొని కూర్చున్న బైండరుకు విడి కాగితాలు అందించింది నేనే. ఫ్యాను గాలికి కొన్ని లేచిపోతే ఏరి వరసగా పెట్టానని అనుకున్నదీ నేనే. అంచులు సమానంగా రావాలని అతను కత్తిరించినప్పుడు కింద ఉన్న పేజీ నంబర్లు పోయాయి. ఆ నాటకాల్లో మనుషులకు పేర్లు లేవు, ఒకడు, ఇంకొకడు, ఆమె, అంతే. ఏ ముగింపు ఎక్కడ అతికించినా అతుక్కుంటుంది. మంచం కోసుకున్న తమ్ముడు ఎక్కడిదో సంచి విప్పి చూసి బస్సెందుకు ఎక్కుతాడని అన్నేళ్ళలో జనగామ పాఠకుల్లో ఒక్కరూ అడగలేదు. ఇటువంటి నాటకాలు ఇట్లాగే ఉంటాయి కాబోలు అనుకొని మెచ్చుకున్నారు. నేనైతే ఉపన్యాసమే ఇచ్చాను.

మొదట నవ్వొచ్చింది. ఒక్కణ్ణే చాలాసేపు నవ్వాను. ఈ సంగతి చెబితే నాతో సమానంగా నవ్వగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడని తోచగానే ఏడుపొచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి జనగామ పోయాను. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నామెను బతిమాలి పాత పుస్తకం తీసుకున్నాను. రెండూ చేతిలో పట్టుకొని మహబూబాబాద్ రైలెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తప్పు నాది, తారుమారు చేసింది నేను, నీ ముగింపే నిజం. ఇంత ఒప్పుకుంటే ఎంతటి కోపమైనా కరుగుతుందని నా ధైర్యం.

తలుపు తీసింది అతని భార్య. ఒక క్షణం గుర్తుపట్టలేదు. తర్వాత ‘రాండ్రి అన్నా, కూసోండ్రి’ అని కుర్చీ వేసి, లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. అతను వచ్చాడు. మీసం తెల్లబడింది. ‘ఎప్పుడొచ్చినవ్ అన్నా?’ అన్నాడు, పోయిన ఆదివారమే చూసినట్టు. నేను నీళ్ళు ముట్టకుండా రెండు పుస్తకాలు బల్ల మీద పక్కపక్కన తెరిచి పెట్టాను. బైండరు, ఫ్యాను, పేజీ నంబర్లు, అంతా ఏకరువు పెట్టాను. అతను కళ్ళజోడు పెట్టుకొని రెండు ముగింపులూ చదివాడు. నవ్వాడు కూడా.

‘అయితే ఇద్దరం సదివింది సదివినట్టె చెప్పినం. సరే తియ్యి, గది నేను గప్పుడే మర్సిపోయిన’ అన్నాడు. పుస్తకాలు మూసి నా వైపు జరిపాడు. ‘మా అవ్వ సచ్చిపోతె ఎందుకు రాలే అన్నా?’

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

‘నాకు కబురు రాలే’ అన్నాను. అంటుంటేనే సిగ్గేసింది.

‘సావుకు కబురేంది?’ అన్నాడు. గొంతు పెంచలేదు. ‘దవాఖానల పది రోజులున్నది. జనగామ సారు వస్తలేడేందని నన్ను రెండుసార్లు అడిగింది. ఆయినకు తెల్వదవ్వా, తెలిస్తె ఆగడు అని చెప్పిన. నాడు పాడె లేపుతుంటె గూడ, జర ఆగుండ్రి, రైలు టైమైంది అన్న. అందరు నన్నే సూసిండ్రు. రైలచ్చింది, పోయింది. ఇగ లేపినం.’

అప్పుడు గోడ వైపు చూశాను. దండ వేసిన ఫోటోలో ఆమె ఉంది. ఆ ఇంట్లోకి వచ్చి పావుగంటయింది, ఆమె ఎక్కడని నా కళ్ళు వెతకలేదు. పుస్తకాలు పెట్టడానికి బల్ల ఎక్కడుందని వెతికాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏమీ తెలియని ముసల్దని మైకులో అన్న మాట గుర్తొచ్చి, ఆ ఫోటో వైపు సరిగ్గా చూడలేకపోయాను. క్షమించమని అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియలేదు. ఏడ్చాను. అతను ఊరుకోమనలేదు, దగ్గరికి రాలేదు, ఎదురుగా కూర్చొని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉన్నాడు. అతని భార్య అన్నం తినిపొమ్మంది. వద్దన్నాను.

కొంతసేపటికి లేచాను. చావింటికి పోయినవాళ్ళు వచ్చేటప్పుడు ‘పోయొస్త’ అనరు. అంటే మళ్ళీ అటువంటి పని మీదే ఆ ఇంటికి రావలసి వస్తుందని భయం. ఏమీ చెప్పకుండా లేచి వచ్చేస్తారు. నేనూ ఫోటోకు దండం పెట్టి, ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాను. అతనికి అర్థమైంది. గేటు దాకా వచ్చాడు.

‘ఇయ్యాల అనకపోతివి, మంచిదే’ అన్నాడు. ‘ఇంకోపారి మాములుగ వచ్చినప్పుడు అను.’

ఇది జరిగి మూడు నెలలు దాటింది. ఇంకోసారి అన్నాడు, ఎప్పుడని అతను చెప్పలేదు, నేను అడగలేదు. వరంగల్ దాకా బస్సు, అక్కణ్ణించి రైలు, దారి నాకు కొత్త కాదు. ఆదివారాలన్నీ ఖాళీయే. ఇంకా పోలేదు. నిజం చెప్పాలంటే, ఒక్క ఫోను చేసి రమ్మంటాడేమోనని చూస్తున్నాను.